కుడి చేతి గౌరవార్థం

...లేకపోతే ఎవరో చుట్టం వచ్చి, వెళ్ళేటప్పుడు మరిచిపోయిన వస్తువేమో ఇది అని కూడా అనుకున్నాడు జగన్నాధం. అతని కుడి చెయ్యి పట్టు దిండు మీద పడుకుని ఉంది. వేళ్ళు లోపలికి ముడుచుకుని, ఉంగరం పెట్టుకుని, నువ్వులనూనెతో నిగనిగలాడుతూ, ఏ పనీ చెయ్యనక్కరలేని పెద్దమనిషిలా ఉంది. భుజం దాకా తను. ఆ తరవాత ఎవరో. ఆ సరిహద్దు సరిగ్గా ఎక్కడుందో కనిపెట్టాలని అతను చాలా ఉదయాలు చూశాడు. చర్మం మీద గీతేమీ లేదు. ఒకచోట తను మెల్లగా పలచబడి మాయమయ్యేవాడు, చెయ్యి మొదలయ్యేది. 'నా చెయ్యి' అని మనసులో అనుకుంటే ఆ మాట గిట్టని బేరంలా వెంటనే వెనక్కి వచ్చేసేది.

కదలమని చెప్పి చూశాడు. కదల్లేదు. అప్పుడొక సందేహం వచ్చింది. ఇన్నేళ్ళూ తను చేతికి ఎలా చెప్పేవాడు? ఆలోచిస్తే ఎప్పుడూ చెప్పినట్టు లేదు. దాహం వేసేది, చెయ్యి చెంబు అందుకునేది. మధ్యలో ఆజ్ఞ అనేది ఉండేది కాదు. ఇప్పుడు ఆజ్ఞ ఇవ్వవలసి వచ్చేసరికి ఏ భాషలో ఇవ్వాలో తెలియడం లేదు.

రాజాంలో ధాన్యం వ్యాపారం చేసుకునే జగన్నాధం, వయసు అరవై దగ్గరపడుతుండగా, పంతొమ్మిదివందల అరవై ఎనిమిది వేసవిలో, కొట్లో గల్లాపెట్టె ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయాడు. పక్షవాతం. కుడి కాలు, కుడి చెయ్యి, మాట, మూడూ ఒకేసారి సెలవు పెట్టాయి. కాలు కొన్నాళ్ళకు కర్ర సాయంతో, ఈడ్చుకుంటూ, మళ్ళీ ఉద్యోగంలో చేరింది. మాట చేరలేదు. లోపల మాటలన్నీ ఉన్నాయి. బస్తాలు పేర్చినట్టు వరసగా, దేని చోట అది ఉంది. బయటికి వచ్చేది మాత్రం "ఊఁ" ఒక్కటే. 'వద్దు' అనబోతే ఊఁ. 'మీ మొహం' అనబోతే ఊఁ. దీనివల్ల ఇంట్లోనూ ఊళ్ళోనూ ఎంతో సౌకర్యం ఏర్పడింది. జగన్నాధం ఇంత అనుకూలమైన మనిషని ఇన్నాళ్ళూ తెలుసుకోలేకపోయామే అని చాలామంది నొచ్చుకున్నారు కూడా.

చేతిని మాత్రం ఎవరూ అలా తేలిగ్గా తీసుకోలేదు. దానికి గౌరవం రోజురోజుకూ పెరిగింది. పరామర్శకు వచ్చినవాళ్ళు చెప్పులు విప్పి, మంచం దగ్గరకు వచ్చి, "ఏటి బావా, సెయ్యెలా గున్నాది?" అని అడిగి, చెయ్యి వైపు చూసేవారు. చెయ్యి బదులు చెప్పకపోతే దిండు సర్ది, నిట్టూర్చి, కాఫీ తాగి వెళ్ళేవారు. నువ్వెలా ఉన్నావని జగన్నాధాన్ని ఎవరూ అడగలేదు. అతను ఆ చేతికి ఆనుకుని ఉన్న మనిషి అన్నంత మేరకే తెలుసు వాళ్ళకి.

ఇంతకీ ఆ ఇంట్లో పనిచేసే చెయ్యి ఒకటి ఉంది. అది ఎడమది. దానికి రోగం రాలేదు, అందువల్ల దానికి గౌరవమూ రాలేదు. ఈగలు తోలడం, దుప్పటి లాక్కోవడం, కర్ర పట్టుకుని మిగతా మనిషినంతా మోసుకుపోవడం, అన్నీ అదే చేసేది. ఒకరోజు పొద్దున్న మహాలక్ష్మమ్మ, అంటే జగన్నాధం భార్య, పళ్ళెంలో ఇడ్డెన్లు పెట్టి, నోట్లో పెడదామనుకుంటూనే నీళ్ళు మరిచిపోయి లోపలికి వెళ్ళింది. ఆమె తిరిగి వచ్చేలోగా ఎడమ చెయ్యి ఒక ముక్క తుంచి, పచ్చడిలో అద్ది, నోటికి అందించింది. ఎవరూ చెప్పలేదు. దానంతటదే చేసింది.

జగన్నాధం అప్పగారు కూర్మమ్మ గుమ్మంలోంచి ఇది చూసింది. ఆమె అతనికన్నా పెద్దది, చిన్నప్పుడే భర్త పోయి పుట్టింటికి వచ్చి, అప్పటినుంచి ఆ ఇంటి ఆచారాలకి పూర్తి బాధ్యత వహిస్తున్న మనిషి.

"ఒరే జగ్గా, ఏటిరా ఆ పని? కడుక్కునే సెయ్యితో తింటన్నావేటి? సూసినోలు ఏటనుకుంటారు?"

"తిననీ వదినా," అంది మహాలక్ష్మమ్మ నీళ్ళచెంబుతో వస్తూ. "ఆకలేసుంటాది. ఏ సెయ్యైతే ఏటి, నోరు ఆయనదే గదా."

"నోరు ఆడిదే. పరువు మనందరిదీని."

ఈ తీర్పు మీద అప్పీలు లేదు. ఆనాటినుంచి భోజనాల వేళా, పెద్దమనుషులు వచ్చే వేళా ఎడమ చేతిని ఒక మెత్తని పాత పంచె ముక్కతో నడుముకు కట్టి ఉంచడం మొదలుపెట్టారు. బాధ కలగకూడదని చాలా శ్రద్ధ తీసుకున్నారు. పంచె ముక్క రోజూ ఉతికేవారు. పొద్దున్నే దొడ్లోకి వెళ్ళే వేళకు మాత్రం విప్పేవారు. ఆ పనికి ఆ చెయ్యి తగినదేనని ఇంటిల్లిపాదీ ఏకగ్రీవంగా అంగీకరించారు. కుడి చెయ్యి కోలుకునేదాకా ఆ పని కూడా ఆపుదామని ఎవరూ అనలేదు.

జగన్నాధానికి ఇది కొత్త కాదు. ఆ ముడి బిగిసినప్పుడల్లా ఏదో పాత వాసన తగిలేది. ఏమిటా అని వెతగ్గా వెతగ్గా దొరికింది. అతను పుట్టడం ఎడమచేతి వాటంతోనే పుట్టాడు. పాకే వయసులో ఏది కావాలన్నా ఎడమ చెయ్యే ముందు వెళ్ళేది. అన్నాల వేళ తల్లికి తీరిక ఉండేది కాదు గనుక, పదేళ్ళ కూర్మమ్మ ఆ చేతిని తన ఓణీ కొంగుతో మంచం కోడుకు కట్టి, కుడి చేత్తో ముద్ద పట్టుకోవడం నేర్పింది. ఏడ్చాడు. నేర్చుకున్నాడు. అప్పటినుంచి మొన్నటి వేసవి దాకా ఆ కుడి చేత్తోనే తిన్నాడు, తూచాడు, రాశాడు, దండాలు పెట్టాడు, పెళ్ళి చేసుకున్నాడు. తన బతుకంతా ఒక అద్దె చేత్తో గడిచిపోయిందన్నమాట. అద్దెది పోయింది. సొంతదాన్ని మళ్ళీ ఆవిడే కట్టింది.

దీనికి కూర్మమ్మ మీద కోపం రావలసింది. వస్తుందేమో అని జగన్నాధం లోపల వెతికి చూసుకున్నాడు. రాలేదు. దాని బదులు సిగ్గు వచ్చింది. పాత పంచె ముక్క నడుముకు చుట్టగానే ఏదో తప్పు చేసి దొరికిపోయినట్టుండేది. చెయ్యని తప్పుకు సిగ్గుపడడం మనిషికి ఎంత సులువుగా అబ్బుతుందో గమనించి, అతను కొంత ఆశ్చర్యపోయాడు.

మహాలక్ష్మమ్మ చేతి ముద్దలో లోపమేమీ లేదు. ముప్ఫయ్యేళ్ళుగా ఆమె వండినది తిన్నవాడే. కానీ ముద్ద ఎంత ఉండాలి, దానికి ఊరగాయ ఎంత తగలాలి, పప్పు మీద చారు ఎప్పుడు పొయ్యాలి, ఎక్కడ ఒక్క క్షణం ఆగి ఊరికే నమలాలి, ఇవి మనిషి తనకు తెలియకుండా రోజూ చేసుకునే నిర్ణయాలు. ఇంకొకరు చేసి పెడుతుంటే తెలిసింది అతనికి, తను తను కావడం చాలావరకు వీటి మీదే ఆధారపడి ఉందని. గల్లాపెట్టె దగ్గర అతని తమ్ముడు నారాయణమూర్తి కూర్చున్నాడు. కూర్చోనీ అనుకున్నాడు. మాట పోయింది, పోనీ అనుకున్నాడు. కానీ పప్పూ అన్నం తన వేళ్ళతో కలుపుకుని ఒక్క ముద్ద తినాలి. ఈ కోరిక ఎంత చిన్నదో అతనికి తెలుసు. మిగతా కోరికలు ఒక్కొక్కటే వెళ్ళిపోతుంటే ఇది మాత్రం పెరుగుతూ వచ్చింది.

ఇల్లంతా మాత్రం కుడి చేతి కోసం శ్రమించింది. మొదట విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళారు. ధాన్యం తోలే సాలూరు లారీ ముందు సీట్లో కూర్చోబెట్టి, చెయ్యి కుదుపులకు అదరకుండా దానికి ప్రత్యేకంగా ఒక తలగడ వేశారు. అక్కడి డాక్టరు చిన్న సుత్తితో మోకాళ్ళ మీద కొట్టి, అరికాలు గీసి, వేళ్ళు సాగదీసి చూసి, ఉన్నమాట చెప్పేశాడు. "ఈ చెయ్యి కొంచెం రావచ్చు, అసలు రాకపోవచ్చు. దానికోసం కాచుకుని కూర్చోకండి. ఎడమ చెయ్యి బ్రహ్మాండంగా ఉంది. తినడం, తాగడం, రాయడం దానికి అలవాటు చెయ్యండి. ఇవాళే."

ఆ మాట విన్నప్పుడు జగన్నాధం గుండె ఎంత వేగంగా కొట్టుకుందంటే మళ్ళీ ఏదైనా వస్తుందేమో అని భయపడ్డాడు. తిరుగు ప్రయాణంలో భోగాపురం దాటేదాకా నారాయణమూర్తి అన్న కుడి చేతి కింది తలగడ సర్దుతూనే ఉన్నాడు.

"పెద్ద డాక్టరే గానీ," అన్నాడు నారాయణమూర్తి చివరికి, "మన వైపోడు కాదప్పా."

"సదువుకున్నోలకి ఏ సెయ్యైనా ఒకటే," అంది కూర్మమ్మ. "ఆలు సెంచాలతో తింతారు."

రాజాం చేరాక, పెద్ద డాక్టరు చాలా ఆశ ఇచ్చాడని ఊరికి తెలియజేశారు. ఎడమ చేతి సలహా సంగతి వర్తక సంఘం పెద్దల చెవిన మాత్రం వేశారు.

తరవాతది పావురం. పక్షవాతానికి పావురం రక్తం మర్దనా చెయ్యడాన్ని మించిన వైద్యం లేదని ఊళ్ళో అందరికీ తెలుసు. జగన్నాధం ఇంట్లో తరతరాలుగా కోడిగుడ్డు పేరు కూడా ఎత్తరు. అయినా మార్గం దొరికింది. పావురాన్ని వీధికి అవతల, బండివాళ్ళ పాకలో కోశారు. జీవహింస అక్కడ జరిగింది, వైద్యం ఇక్కడ జరిగింది. రెంటికీ మధ్య వీధి ఉంది గనుక ఆచారానికి ఏ లోటూ రాలేదు. వారం తిరిగేసరికి ఆ పేటలో పావురాలు కరువయ్యాయి. చెయ్యి మాత్రం ఎర్రగా, వెచ్చగా, అలాగే పడుకుని ఉంది.

విజయనగరంలో ఒకాయన దగ్గర కరెంటు పెట్టె ఉందంటే అక్కడికీ వెళ్ళారు. తీగలు అంటించి మీట నొక్కగానే చెయ్యి ఒడ్డున పడ్డ చేపలా ఎగిరింది. కూర్మమ్మ చేతులు జోడించింది. మీట కట్టెయ్యగానే చెయ్యి మళ్ళీ విశ్రాంతిలోకి వెళ్ళిపోయింది. ఆ పెట్టె కొని తెచ్చి భోజనాల వేళ తగిలిస్తే ఎలా ఉంటుందని నారాయణమూర్తి నిజంగానే ఆలోచించాడు. రాజాంలో కరెంటు సరిగ్గా భోజనాల వేళకే పోతుంది గనుక ఆ ఆలోచన విరమించుకున్నాడు.

అరసవల్లిలో ప్రతి ఆదివారం అతని పేర సూర్య నమస్కారాలు చేయించారు. రోగి వంగలేడు గనుక బదులుగా ఒక బ్రాహ్మణుణ్ణి కుదిర్చారు. కార్తీకం దాటేసరికి ఆ బ్రాహ్మణుడి నడుంనొప్పి పూర్తిగా పోయి, ముఖంలోకి కళ వచ్చింది. వైద్యం పనిచేస్తోందనడానికి ఇంతకన్నా రుజువేం కావాలన్నాడు నారాయణమూర్తి.

పరిస్థితి ఇలా ఆశాజనకంగా ఉన్న సమయంలో వర్తక సంఘం అధ్యక్షులు రంగనాథంగారు ఇంటికి వేంచేశారు. సంఘం తరఫున అరసవల్లిలో కొత్తగా సత్రం కట్టారు. మాఘమాసంలో ప్రారంభోత్సవం, సమారాధన. సమారాధనలో మొదటి బంతికి పెద్దగా ఒకరు కూర్చోవాలి. ఆ పెద్దాయన తన చేత్తో మొదటి ముద్ద నోట పెట్టుకునేదాకా బంతిలో ఇంకెవరూ ఆకులో చెయ్యి పెట్టకూడదన్నది వాళ్ళ కులంలో ఎప్పటినుంచో ఉన్న కట్టుబాటు. ఆ స్థానం సంఘంలో చేరిన వరసనుబట్టి జగన్నాధానిది. అతను కూర్చోకపోతే తరవాతి వరసవాళ్ళు ఇద్దరు ఉన్నారు. ఇద్దరికీ పడదు. ఒకరిని కూర్చోబెడితే రెండోవారు తమ బంధుబలగంతో లేచిపోతారు. కాబట్టి జగన్నాధం కుడి చెయ్యి బాగుపడడం సంఘానికి అత్యవసరమైంది. మాఘం దాటితే దాని అవసరం అంతగా ఉండదు.

రంగనాథంగారికి ఇద్దరితో మాట్లాడినా సభతో మాట్లాడినట్టే మాట్లాడే అలవాటు. మంచం దగ్గర నిలబడి, కండువా సర్దుకుని, దిండు మీది చేతిని ఉద్దేశించి అన్నారు. "ఈ హస్తం సామాన్య హస్తం కాదు. ఎందరికో పెట్టిన హస్తం. వర్తకలోకానికి దారి చూపిన హస్తం. ఇది నేడు తాత్కాలికంగా విశ్రమించి ఉండవచ్చు. కానీ సూర్యనారాయణమూర్తి సన్నిధిలో ఇది తప్పక లేస్తుంది. లేవకపోతే లేపుకుంటాం. అందుకోసం 'దక్షిణ హస్త పునరుద్ధరణ సంఘం' పేరిట ఒక ఉపసంఘాన్ని నేనే ఏర్పాటు చేశాను. జగన్నాధంగారు తమ అంగీకారం తెలపాలని ప్రార్థన."

జగన్నాధానికి ఈ రోగం వచ్చాక ఇంకొకటి కూడా పట్టుకుంది. సంబంధం లేకుండా ఏడుపు వచ్చేది. దుఃఖం ఉండేది కాదు. కళ్ళు, గొంతు, పెదాలు వాటంతటవి ఏడ్చేవి, అతను లోపల కూర్చుని వాటిని చూసేవాడు. సరిగ్గా ఆ క్షణాన అది వచ్చింది. కళ్ళవెంట నీళ్ళు ధారగా కారుతుండగా 'నా ఎడమ చెయ్యి విప్పండి చాలు' అన్నాడు. "ఊఁ" అని వినిపించింది. ఆ కృతజ్ఞతకు రంగనాథంగారు కూడా కండువాతో కళ్ళు ఒత్తుకున్నారు.

ఉపసంఘం ఒక పథకం తయారుచేసింది. జగన్నాధం కుడి పక్కన నారాయణమూర్తి కూర్చుంటాడు. ఇద్దరికీ కలిపి ఒకే పట్టు శాలువా కప్పుతారు. శాలువా కింద నుంచి తమ్ముడు అన్న మోచెయ్యి ఒక చేత్తో, మణికట్టు ఒక చేత్తో పట్టుకుని, ముద్దతో సహా నోటికి ఎత్తుతాడు. చెయ్యి జగన్నాధానిదే, నోరు జగన్నాధానిదే, మధ్యనున్న బలం మాత్రం సోదరప్రేమ. ఇందులో అబద్ధమేమీ లేదని సంఘం న్యాయ సలహా కూడా తీసుకుంది.

ఇంట్లో మరమరాలతో అభ్యాసం మొదలైంది.

"ముక్కు కాదురా నారాయణా, నోరు. సూసుకో."

"అన్నయ్య తల తిప్పీస్తన్నాడప్పా."

"తిప్పకురా జగ్గా. ఊరూరంతా నీ సెయ్యి కోసం ఎదురుసూస్తన్నారు."

"మరమరాలైతే రాలిపోతన్నాయి. అన్నమైతే అంటుకుంటాది లెండి," అంది మహాలక్ష్మమ్మ పక్కనుంచి, ఎవరి ముఖమూ చూడకుండా.

జగన్నాధం తన చెయ్యి తన చెవి దాకా, కంటి దాకా, గడ్డం దాకా వచ్చి వెళ్ళిపోవడం చూస్తూ కూర్చున్నాడు. ఎవరో దొరతనపు చుట్టం ఇంటి నంబరు తెలియక వీధంతా తిరుగుతున్నట్టుంది. కొన్నాళ్ళకు దానికి నోరు దొరికింది. ఉపసంఘం సంతృప్తి వెలిబుచ్చింది.

ప్రారంభోత్సవం నాడు అరసవల్లి సత్రంలో జనం కిటకిటలాడారు. రాజాం, బొబ్బిలి, పార్వతీపురం, సాలూరు వర్తకులంతా వచ్చారు. కొందరు గుడికి వచ్చారు, కొందరు భోజనానికి, ఎక్కువమంది చేతిని చూడడానికి. పక్క గదిలో జగన్నాధానికి పట్టుపంచె కట్టి ముస్తాబు చేశారు. కూర్మమ్మ వంటల దగ్గర మడిలో ఉండిపోవడంతో ఆ రోజు ఎడమ చేతికి పంచె ముక్క మహాలక్ష్మమ్మ కట్టింది.

"గట్టిగా కట్టీసినావేటి?" అని వంటపాక గుమ్మంలోంచి కేకేసింది కూర్మమ్మ.

"కట్టీసేనొదినా."

ఆ ముడి అంత గట్టిగా పడలేదు. ఆమె బిగించడం మరిచిపోయిందో, మరిచిపోవాలని ఆమెలో ఏదో ముందే నిశ్చయించుకుందో చెప్పడం కష్టం. భర్త నడుము దగ్గర ఆమె వేళ్ళు కొంచెంసేపు అవసరం లేకుండా ఆగాయి. ఆమె తల ఎత్తలేదు. జగన్నాధం ఊఁ అనలేదు.

బంతి వేశారు. బారుగా ఆకులు, ఆకుల వెనక జనం. పనసపొట్టు ఆవకూర, గుమ్మడికాయ దప్పళం, కందా బచ్చలి, బూరెలు వడ్డన అయ్యాయి. అన్నం, దాని మీద ముద్దపప్పు, పప్పు మీద కాగిన నెయ్యి పడ్డాయి. ఆవిరి లేచింది. జగన్నాధానికి కుడి పక్కన శాలువాలో సగమై నారాయణమూర్తి, ఎడమ పక్కన రంగనాథంగారు కూర్చున్నారు. గోవిందనామం చెప్పారు. అందరి చూపూ శాలువా మీద నిలిచింది.

శాలువా కదిలింది. కుడి చెయ్యి బయటికి వచ్చింది. ఉంగరం మెరిసింది. అది ఆకులోకి దిగి, నారాయణమూర్తి విప్పి పట్టిన వేళ్ళలోకి పప్పన్నం తీసుకుని, పైకి లేచి, ఏ తప్పటడుగూ వెయ్యకుండా నోటి దగ్గరికి చేరింది. అక్కడ దాకా అభ్యాసం ప్రకారమే జరిగింది. నోటి దగ్గర వేళ్ళు విప్పవలసిన సమయంలో, వేడి తగిలినందువల్లనో, అంతమంది చూస్తున్నందువల్లనో, నరాలు ఒక్కసారి బిగుసుకుని పిడికిలి మూసుకుపోయింది. నారాయణమూర్తి లాగాడు. రాలేదు. రెండు చేతులతో లాగాడు. ఒకసారి చేతిలో పడ్డది తిరిగి ఇవ్వడం ఆ చేతికి ఎన్నడూ అలవాటు లేదు. వేళ్ళ సందుల్లోంచి నెయ్యి మాత్రం మోచెయ్యి దాకా కారింది.

బంతి వేచి ఉంది. నెయ్యి పేరుకుంటోంది. బూరెలు మెత్తబడుతున్నాయి. చివర ఎవరో గట్టిగా గుటక వేశారు. వడ్డించిన ఆకు ముందునుంచి లేవకూడదు గనుక రంగనాథంగారు కూర్చునే అందుకున్నారు. "మహాజనులు ఓర్పు వహించాలి. మహత్కార్యాలు క్షణంలో జరగవు." ఇలా అంటూనే, అధ్యక్షులు ఇబ్బందుల్లో ఉన్నప్పుడు చేసే విధంగా సంఘ చరిత్రలోకి వెళ్ళిపోయారు. "వదిన్ని పిలిసి తినిపించీమందునా?" అన్నాడు నారాయణమూర్తి గొంతు తగ్గించి. "ఇంకొకరు పెట్టింది మొదటి ముద్ద కాదయ్యా, అది మందు," అన్నారు రంగనాథంగారు చరిత్ర మధ్యలో ఆగి.

జగన్నాధం తన ఆకు వైపు చూస్తున్నాడు. ఆవిరి తగ్గిపోతోంది. అంతమంది పెద్దమనుషులు, అన్ని ఊళ్ళ పరువు, సంఘం, సత్రం, అన్నీ ఒక మూసుకుపోయిన పిడికిలి తెరుచుకోవడం కోసం కాచుకుని ఉన్నాయి. అతనికి నవ్వు రావలసింది. ఆకలి వేసింది. చాలా కాలం తరవాత స్పష్టంగా, ఎవరి ఆకలో అన్న సందేహం లేకుండా, అతనికి ఆకలి వేసింది. మధ్యలో ఆజ్ఞ ఏదీ లేదు. పంచె ముక్క ఎప్పుడు జారిందో తెలియలేదు. ఎడమ చెయ్యి ఆకులోకి వెళ్ళింది.

అది పప్పునీ అన్నాన్నీ ఒక పక్కకు లాగి, వేళ్ళ చివరలతో మెల్లగా కలిపింది. ఒక మెతుకు కూడా చితకకుండా, నెయ్యి అంతటా తగిలేలా కలిపింది. ఊరగాయ అంచుకు తగిలించింది. ముద్ద చేసింది. ముద్ద మరీ చిన్నది, మహాలక్ష్మమ్మ పెట్టేదానిలో సగం ఉంటుంది. తనకెప్పుడూ ఇంతే కావాలన్న సంగతి అతనికి అప్పుడు గుర్తు వచ్చింది. కొన్ని మెతుకులు పట్టుపంచె మీద పడ్డాయి. మిగతాది నోట్లోకి వెళ్ళింది. జగన్నాధం కళ్ళు మూసుకుని నమిలాడు.

ఎదుటి వరసలో ఒక ముసలాయన మెడ సాచాడు.

"అది ఎడం సెయ్యి కాదేటి?"

"నువ్వెదురుగా కూకున్నావు గదా మావా," అన్నాడు ఆయన పక్కవాడు, తన బూరె మీదనుంచి చూపు తిప్పకుండా. "ఎదరనున్నోడికి కుడి ఎడమలాగే అవుపిస్తాది."

"అవున్రా," అన్నాడు మావ, సంతృప్తిగా, ఆకులో చెయ్యి పెడుతూ.

ఈ వివరణ బంతి పొడుగునా దప్పళం కన్నా వేగంగా పాకింది. ఎదురుగా ఉన్నవాళ్ళే కాదు, జగన్నాధం వరసలో కూర్చున్నవాళ్ళు కూడా దీన్ని అంగీకరించారు. "కుడి సెయ్యే. నా కళ్ళతో నేను సూసినాను," అంది కూర్మమ్మ వంటపాక గుమ్మంలోంచి. ఆమె గొంతు గట్టిగానే ఉంది. కళ్ళు మాత్రం వేరే ఎటో ఉన్నాయి. నారాయణమూర్తి శాలువా కింద ఆ పిడికిలిని ఇంకా రెండు చేతులతో పట్టుకునే ఉండి, "నేను వదిలేసేనండీ, అన్నయ్యే ఎత్తేడు," అన్నాడు. అబద్ధమాడారని వీళ్ళనెవరినీ అనడానికి వీల్లేదు. మీరైనా ఆ బంతిలో, ఆకలిమీద, నెయ్యి పేరుకుంటున్న అన్నం ముందు కూర్చుని ఉంటే మరోలా చూసి ఉండేవారు కారు.

చేతులన్నీ ఆకుల్లోకి దిగాయి. జుర్రుకునే చప్పుళ్ళు మొదలయ్యాయి. రంగనాథంగారు సంఘ చరిత్రను అక్కడికక్కడే ముగించి, గొంతు పెంచారు.

"మహాజనులారా, చూశారు కదా. సూర్యభగవానుని సన్నిధిలో, మన ఉపసంఘం అవిశ్రాంత కృషి ఫలితంగా, జగన్నాధంగారి దక్షిణ హస్తం నేడు పునరుజ్జీవితమైంది. ఎడమ చెయ్యి అలవాటు చేసుకోండని సలహా ఇచ్చిన పట్నం వైద్యులకు ఇది చెంపపెట్టు. చూశామా, లేదా?"

"చూశాం," అంది బంతి, నిండు నోటితో.

"ఇది ఇక జగన్నాధంగారి ఒక్కరి చెయ్యి కాదు. ఇది మన కులం చెయ్యి. ఈ హస్తం కలిపిన అన్నం అన్నం కాదు, ప్రసాదం. ఆ హస్తం నుంచి ఒక్క మెతుకు నోట పడినా చాలు, నా జన్మ ధన్యమవుతుంది. ఇంతకన్నా నాకు కావలసినది..."

జగన్నాధం ఆ మాటలన్నీ విన్నాడు. చెయ్యడానికి రెండు పనులు కనిపించాయి. ఊఁ అనవచ్చు. అది తేలిక, అలవాటు కూడా. ఒక్క ఊఁ అంటే రేపటినుంచి తను ఏ చేత్తో తిన్నా అది కుడి చెయ్యే అవుతుంది. కట్టడానికి ఇక కారణం ఉండదు. చాలు కదా, అని అతనిలో ఎవరో పెద్దమనిషి అన్నాడు. అతను ఆ పెద్దమనిషిని కొంచెంసేపు చూశాడు.

తరవాత ఆకు మీదికి వంగి, ఎడమ చేత్తో పప్పూ అన్నం మళ్ళీ కలిపాడు. ఈసారి తొందరపడలేదు. ముద్ద చేసి, అంచుకు ఊరగాయ తగిలించి, పక్కకు తిరిగి, ఇంకా తెరిచే ఉన్న రంగనాథంగారి నోటి ముందు పట్టుకున్నాడు.